మూడో తరగతి శుభ్రత

ఛాంగ్షా ఊళ్లో ఓ పెద్ద హోటల్లో గదుల శుభ్రతను తనిఖీ చేసే పెంగ్ శూయున్‌కు ఆస్పత్రి యంత్రం మూడో తరగతి వేసింది.

పరీక్షకు నమూనా ఇచ్చి వచ్చాక కార్డు పెడితే చాలు, డాక్టరు కంటే ముందే రిపోర్టు చేతికిచ్చే యంత్రమది. రెండు నెలలుగా ఆమెకు తెల్లబట్ట పలచగా, బూడిదరంగులో అవుతోంది. చేపల కంపు వేరే. ఆ కంపుకే సిగ్గుతో చచ్చిపోతున్న మనిషికి కాగితం మీద కనిపించిన మొదటి మాట, ‘యోని శుభ్రత: మూడో తరగతి’.

ఇరవై ఏళ్లుగా తెల్లటి చేతితొడుగు వేసుకుని, మంచాల కింద వేలు రాసి, హోటల్ గదులన్నిటికీ తరగతులు వేసిన చెయ్యి అది. మూడో తరగతి పడితే పనిపిల్లలు ఏడుస్తూ మళ్లీ తుడిచేవారు. గురివింద గింజ తన కింద నలుపెరగదట, అనుకుని కాగితం మడిచి బ్యాగులో దాచేసింది. దాన్ని పట్టుకుని డాక్టరు దగ్గరికి ఏ మొహంతో వెళ్తుంది? మందుల షాపులో మూలికల కషాయం కొనుక్కుని ఇంటికి పోయింది. పొద్దునా సాయంత్రం గొట్టంతో లోపలిదాకా కడగడం మొదలెట్టింది.

అక్కడితో ఆగితే ఆమె శూయున్ ఎందుకవుతుంది? ఇంత కడుక్కునే మనిషికి ఈ జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? మొగుడు లావో గాన్ వారానికి రెండుసార్లు గ్వాంగ్‌ఝౌ దాకా బస్సు నడుపుతాడు. అంతే, దారిలో ఎక్కడో అంటించుకొచ్చాడని తీర్పు చెప్పేసింది. ఆయన రజాయి తీసుకెళ్లి సోఫా మీద పడేసి, “నీ దగ్గర కంపు కొడుతోందయ్యా” అంది. ఆయన తన చొక్కా వాసన చూసుకుని, సోఫా మీద పడుకున్నాడు.

పది రోజులకు కంపు పెరిగిందే కానీ తగ్గలేదు. ఇక తప్పక ఆస్పత్రిలో డాక్టర్ రువాన్ దగ్గరికి వెళ్లింది. జబ్బు మొగుడే తెచ్చాడని డాక్టరు అంటే ఆయన్ను ఇంట్లోకి రానివ్వకూడదని దారిలోనే నిశ్చయించుకుంది.

“పెంగ్ అక్కా, ఈ తరగతి మీ స్నానానికి వేసిన మార్కు కాదు,” అంది డాక్టరు. “లోపల కాపలా కాసే మంచి సూక్ష్మజీవులుంటాయి. అవి తగ్గి చెడ్డవి పెరిగితే మూడు వేస్తారు. మీరు కడిగి కడిగి మిగిలినవాటిని కూడా తరిమేశారు.”

“మరి మా ఆయన?”

“ఈ కాగితంలో ఆయన పేరెక్కడుందక్కా? కలయికతో అంటుకునే ట్రైకోమోనాస్ లేదు, దురదపెట్టే ఫంగస్ లేదు. ఇది పట్టుకుని ఎవరిమీదా నేరం మోపలేరు. ఏడు రోజులూ మాత్రలు వేసుకోండి, తగ్గిందని మధ్యలో ఆపకండి. పైన మామూలు నీళ్లు చాలు, లోపలిది దానంతటదే శుభ్రం చేసుకుంటుంది. మళ్లీ కంపు, దురద వచ్చినా, పొత్తికడుపు నొప్పో జ్వరమో వచ్చినా ఇక్కడికి రండి. కషాయం దగ్గరికి మాత్రం పోకండి.”

“అయితే నేను తుడవక్కర్లేని గది ఒకటుందన్నమాట,” అంది శూయున్. డాక్టరు పకపకా నవ్వింది. శూయున్‌కు మాత్రం సోఫా మీది రజాయి గుర్తొచ్చి నవ్వు రాలేదు.

ఇంటికొచ్చేసరికి లావో గాన్ స్నానాలగదిలోంచి బయటికొస్తున్నాడు. మెడ, చంకలు రక్తం చిమ్మేలా ఎర్రగా ఉన్నాయి. చేతిలో గంధకం సబ్బు.

“వచ్చావా? కాస్త చూడు, ఇప్పుడైనా తగ్గిందా?” అంటూ చెయ్యి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. “రోజుకు మూడుసార్లు రుద్దుతున్నా. డీజిల్ కంపేమో. పోకపోతే చెప్పు, బస్సు మానేసి ఇంకో పని చూసుకుంటా.”

“ఆ కంపు నీది కాదయ్యా. నాది. నీ మీదికి నెట్టేశాను,” అంది శూయున్, బ్యాగులోంచి కాగితం తీసి చేతికిస్తూ.

ఆయన కాగితాన్ని చాలాసేపు చదివాడు. “ముందే చెప్పొద్దూ?”

“నీకు కోపం రాలేదా? నీకు కంపేం లేదని నీకు తెలీదా?”

“నువ్వన్నావుగా,” అన్నాడు లావో గాన్. “శుభ్రత సంగతి ఈ ఊళ్లో నీకంటే ఎవరికి తెలుసు?”

శూయున్ ఆ సబ్బు లాక్కుని చెత్తబుట్టలో పడేసింది. సోఫా మీది రజాయి ఎత్తుకుని, ముఖం అందులో దాచుకుని, పడకగదిలోకి నడిచింది.