పరాయి చెయ్యి తగలని జాడీ

నేను ఒక ఊరగాయ జాడీని. భుజాల దాకా తేనెరంగు, కింద పాలతెలుపు. కాకినాడ బజారులో కొన్ననాటి నుంచి మూడు తరాల ఆవకాయ నా పొట్టలో ఊరింది. ఒక్క ఏడూ పాడవలేదు. గొప్పలు చెప్పుకుంటున్నానంటారా, చెప్పుకోదగ్గ గొప్పే మరి.

మాణిక్యాంబ నన్ను చీరల్లో చుట్టి కెన్యా తీసుకొచ్చింది. ఆమె భర్తకు లిమూరు కొండల్లో తేయాకు ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఇంటావిడ తప్ప ఇంకెవరూ నన్ను ముట్టకూడదన్న అత్తగారి నియమం కూడా నాతోపాటే విమానమెక్కింది.

కంచె అవతలి న్యాంబురకు నలభై ప్లమ్ చెట్లు. కాపురానికొచ్చిన ఏడు తన చేత్తో నాటుకున్నవి. ఆ జనవరిలో కొండంతా పళ్ళు ఒకేసారి పండాయి, కొనేవాళ్ళు మొహం చాటేశారు.

"ఈ కాపు కూడా కుళ్ళిపోతే చెట్లు కొట్టేసి తేయాకు వేస్తానంటున్నాడు మా ఆయన," అని న్యాంబుర కళ్ళు తుడుచుకుంది.

"పుల్లటిదేదైనా ఆవకాయకు పనికొస్తుంది. రెండు బుట్టలు పట్రా," అంది మాణిక్యాంబ వచ్చీరాని స్వాహిలీలో. ముక్కలు కోసి, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె కలిపి, నాలోకి ఎత్తి, మూతికి గుడ్డతో వాసెన కట్టింది. న్యాంబుర సాయం పట్టబోతే, "నువ్వు ముట్టుకోకు," అంది.

మూడోనాడు తిరగకలపడానికి విప్పితే నురగ, పుల్లకంపు. పచ్చిమామిడి కొలతే ఈ నీళ్ళపండుకూ వేసింది మహాతల్లి. నా పరువు గంగలో కలిసింది. నాకు ఏడుపొచ్చింది.

న్యాంబుర నవ్వలేదు. "ఇందువాళ్ళమ్మా, మా పొయ్యి మీద అటక ఉంది. వానల్లో కట్టెలు అక్కడే ఆరతాయి. ముక్కలు ఆరవా?" అంది. ఇందు మాణిక్యాంబ కూతురు; బిడ్డ పేరుతో తల్లిని పిలవడం అక్కడా మర్యాదే.

మిగిలిన పళ్ళన్నీ కోసి అటకెక్కించారు. సెగకు నీరంతా ఇంకి, ముక్కలు ముడుచుకున్నాయి. ఈసారి మాణిక్యాంబ కొలిచింది, న్యాంబుర కలిపింది. "చెయ్యి పొడిగా ఉందా?" అని మాత్రం అడిగింది మాణిక్యాంబ.

నెల దాటినా చెక్కు చెదరలేదు. పొగవాసన ఆవకాయ నైరోబీ దుకాణాలకెక్కింది. న్యాంబుర మొగుడు గొడ్డలి మూల పెట్టి, మొక్కజొన్న ముద్దలోకి ఆవకాయ రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

ఉద్యోగం నైరోబీకి మారినప్పుడు మాణిక్యాంబ నన్ను మళ్ళీ చీరల్లో చుట్టింది. కాసేపు చూసి, విప్పేసింది. కంచె దాటి వెళ్ళి న్యాంబుర చేతుల్లో పెట్టింది. "ఇంటావిడ తప్ప ఎవరూ ముట్టకూడదు," అని మరీ మరీ చెప్పింది.

ఇప్పుడు నేను ఆ అటక కిందే ఉంటాను. మొన్న కాపుకి మాణిక్యాంబ చూడటానికొచ్చి, చనువుగా నా వాసెన విప్పబోయింది.

న్యాంబుర ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "నువ్వు ముట్టుకోకు, ఇందువాళ్ళమ్మా. నేను వడ్డిస్తాను."

మాణిక్యాంబ బుద్ధిగా వెళ్ళి పీట మీద కూర్చుంది.