నవ్వని గుమ్మడికాయ

హాలోవీన్ పండక్కి ముందొచ్చే శనివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక, మా ఊళ్లో అందరూ గుమ్మడికాయల్ని చంకనెత్తుకుని సినిమా హాలుకు బయల్దేరతారు. కాయకి కళ్లూ ముక్కూ ఇంట్లోనే చెక్కుకుంటారు. నోరు మాత్రం సినిమా చూసి కాయే తెరుచుకోవాలి. బొమ్మ బాగుంటే ఈ చెంప నుంచి ఆ చెంప దాకా చీలుతుంది, ఓ మోస్తరుగా ఉంటే పంటినొప్పివాడి నవ్వులా సన్నగా విచ్చుకుంటుంది. పండగ సాయంత్రం దాన్ని గుమ్మంలో పెట్టి లోపల కొవ్వొత్తి వెలిగిస్తారు. దయ్యాల వేషాలేసుకుని చాక్లెట్ల కోసం తిరిగే పిల్లలు, నవ్వే కాయ ఉన్న ఇంటి తలుపే తడతారు. ఒహైయో రాష్ట్రంలో మిగతా ఊళ్ల సంగతి నాకు తెలీదు, మా ఊళ్లో మాత్రం ఇంతే.

లోర్నా ట్రస్కాట్ మా ఊరి వారపత్రికలో సినిమా సమీక్షలు రాస్తుంది. దేవుడే సినిమా తీసినా వెలుతురు చాల్లేదని రాసే రకం. ఆవిడ కాయ ఎన్నేళ్లయినా నోరు విప్పలేదు. అయినా ఆవిడ ఏటా గంపెడు చాక్లెట్లు కొని, తలుపు వెనక కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. పిల్లల అడుగుల చప్పుడు పక్కింటి దాకా వచ్చి, ఆవిడ గుమ్మం దాటి, అవతలింటికి పోతుంది. అది వింటుంటే ఆవిడకి ఏడుపొచ్చేది. ఒక ఏడు ఉండబట్టలేక కాయకి కత్తితో తనే నోరు కోసింది. పిల్లలు వీధిలోంచే పసిగట్టారు. "పాపం, ఆవిడే కోసుకుంది రా" అని గొంతు తగ్గించి చెప్పుకుంటూ వెళ్లిపోయారు. దానికన్నా తిట్టిపోసినా బాగుండేది.

ఈ ఏడు హాలు నడిపే వర్జిల్ 'జలుబు చేసిన దయ్యం' వేశాడు. నలుపు తెలుపుల కాలం నాటి బొమ్మ. పాత బంగళాలోకి అద్దెకు దిగిన మొగుడూపెళ్లాల్ని బెదరగొట్టబోయినప్పుడల్లా దయ్యానికి తుమ్మొస్తుంది. ఊళ్లో అది చూడనివాళ్లు లేరు.

"ఏం మహాతల్లీ, ఈసారైనా దయ తలుస్తావా?" అన్నాడు వర్జిల్ టికెట్ చింపుతూ.

"దయ తలచడం నా పని కాదు. దయ్యాన్ని గాల్లోకి లేపే తీగ కనబడుతుందే, ఇంకా కనబడుతోందా?"

"నిక్షేపంలా కనబడుతోంది. జనం తీగ చూడ్డానికి రారులే."

హాలు కిక్కిరిసిపోయింది. ఖాళీ లేక వర్జిల్ ఆవిడ కాయని రెండు కుర్చీల సందులో ఇరికించాడు. ఆ హడావిడిలో దాని మొహం తెరవైపు కాక ఆవిడవైపు తిరిగింది.

"వర్జిల్, ఇది నన్ను చూస్తోంది."

"చూడనీ. ఇప్పుడు కదిపితే దొర్లిపోతుంది. దీపాలు ఆర్పాలి, నన్నొదులు."

లోర్నాకి తప్పులు వరసగా దొరికాయి. సంగీతం చెవులకి తూట్లు పొడుస్తోంది. లాయరొచ్చే ఘట్టం ఎంతకీ తెమలదు. తీగ తళతళా మెరిసింది. ఇంతలో, అద్దెకొచ్చిన ఇల్లాలు భయపడ్డం మానేసి దయ్యం ముందు వేడివేడి కోడి సూపు పెట్టింది.

"నూరేళ్ల నుంచి నన్ను చూసి పరిగెత్తినవాళ్లే గానీ, తిన్నావా అని అడిగినవాళ్లు లేరమ్మా" అని దయ్యం బావురుమంది. ఆ ఏడుపులో తుమ్మొచ్చింది. తుమ్ముకి తల ఊడి సూపు గిన్నెలో పడింది.

"ఉప్పు చాల్లేదు" అంది లోర్నా, గిన్నెలోని తల ఆ మాట అనకముందే.

అని, పగలబడి నవ్వింది. నవ్వుతూ కళ్లొత్తుకుంది, ఒత్తుకుంటూ మళ్లీ నవ్వింది. సందులో ఇరుక్కున్న కాయ పటపటమంది. ముందు వరసవాళ్లు విన్నారు, కానీ తలలు తిప్పలేదు.

ఆ వారం పత్రికలో ఆవిడ ఇలా రాసింది: "తీగ కనబడుతుంది. లాయర్ని కత్తిరించాల్సింది. సంగీతం గురించి చెప్పకపోవడమే మర్యాద. కానీ బెదిరించడానికొచ్చినవాడు ఆకలితో ఉన్నాడని ఒక ఇల్లాలు కనిపెట్టడం కన్నా గొప్ప హాస్యం నేను చూడలేదు. వెళ్లి చూడండి. మీ కాయల్నీ తీసుకెళ్లండి."

పండగ సాయంత్రం ఆవిడ గుమ్మంలో కొవ్వొత్తి వెలిగించింది. కాయ నవ్వు కాస్త ఎడమకి వంకరగా ఉంది, అచ్చం ఆవిడ నవ్వులాగే. తలుపు వెనక కుర్చీలో కూర్చుంది గానీ కుదురుగా కూర్చోలేకపోయింది. అడుగుల చప్పుడు పక్కింటి దాకా వచ్చింది. ఈసారి దాటిపోలేదు. మెట్లెక్కుతున్నారు.

తలుపు తట్టడం పూర్తికాకుండానే తీసేసింది. దుప్పట్లు కప్పుకున్న బుల్లి దయ్యాలు నలుగురైదుగురు సంచులు చాపి నిలబడ్డారు.

"ఈ ఇంట్లో ఎవరూ ఉండరనుకున్నామండీ" అంది వాళ్లలో ఒక పిల్ల.

"నేనూ అలాగే అనుకున్నానమ్మా" అంది లోర్నా, రెండు చేతులా చాక్లెట్లు ఎత్తుతూ.