జంట లేని ఫొటోలు

నేను ఒక కంట్రోల్ కీని. కీబోర్డులో ఎడమ చేతి వైపు, అన్నిటికన్నా కింద, మూలకి ఉంటాను. గుమ్మం దగ్గర చెప్పులు విడిచే చోటు లాంటిది నా జాగా. ఏదో ఊరి ఫ్యాక్టరీలో వేడి ప్లాస్టిక్‌ని అచ్చులో పోసి నన్ను తీశారు. తోడబుట్టినవాళ్లలో చాలామందికి తలా ఒక అక్షరం దక్కింది. నన్ను ఒక్కదాన్నే నొక్కితే తెర మీద ఏమీ రాదు. అందుకే మొదట్నుంచీ నాకు సిగ్గు ఎక్కువ. ఎవరైనా వేలు పెడితే నా వల్ల ఏం చెడిపోతుందో అని గుండెదడ కూడా.

నా పని ఏరడం. నన్ను నొక్కి పట్టుకుని మౌస్‌తో ఒక్కో ఫొటో మీద నొక్కుకుంటూ పోతే, అక్కడొకటి ఇక్కడొకటి, కావలసినవన్నీ ఒకేసారి నీలంగా మారతాయి. ఏరిన దాని మీదే మళ్లీ నొక్కితే అది తప్పుకుంటుంది. నా పైన ఉండే షిఫ్ట్ కీ నాకన్నా నయం. ఈ చివర, ఆ చివర చూపిస్తే చాలు, మధ్యలో ఉన్నవాళ్లందరినీ కలుపుకుపోతుంది. మధ్యలోవాళ్లను వదిలేయాలంటే మాత్రం మనుషులకు నేనే కావాలి. ఇదేం బతుకో చెప్పండి.

మొదట ఒక ఇంటర్నెట్ సెంటర్లో ఉన్నాను. పరీక్ష ఫలితాల రోజున పిల్లల చెమటంతా నా మీదే. అది మూతపడ్డాక చోడవరంలో నూకరాజు ఫొటో స్టూడియోకి చేరాను. నూకరాజు పెళ్లిళ్లలో ఫొటోలు వేలల్లో తీస్తాడు, ఆల్బమ్‌లో పట్టేవి కొన్నే. ఏవి ఉండాలో చెప్పడానికి ఇంటివాళ్లు వచ్చి తెర ముందు కూర్చుంటారు. అప్పుడు చూడాలి మనుషుల్ని! పెళ్లికూతురి ముఖం కన్నా ముందు ఎవరి ముఖం వాళ్లు వెతుక్కుంటారు. భోజనాల బంతిలో నోరు తెరిచి దొరికిపోయిన బాబాయిని పగలబడి నవ్వి వదిలేస్తారు.

ఒకరోజు కొత్త పెళ్లికూతురు హైమ, వాళ్లమ్మ వరహాలమ్మ వచ్చారు. వరహాలమ్మ ముఖం మీద, చేతుల మీద బొల్లి మచ్చలు. ఎండలేని గదిలో కూడా కొంగు భుజాల చుట్టూ కప్పుకుని కూర్చుంది. నూకరాజు వేలు నా మీద, హైమ చూపు తెర మీద. తల్లి ఉన్న ఫొటో వచ్చినప్పుడల్లా హైమ “అది ఉంచన్నా” అంటోంది, ఆవిడ “తీసీ నాయనా” అంటోంది.

“ఎందుకు తియ్యడం? నువ్వు నాకు అమ్మవి కావేటి?”

“నీ పెళ్లయిపోనాది, నీకేటి! రేపు నీ చెల్లిని చూడ్డానికొస్తే, మంచినీళ్లిచ్చాక వాళ్ల చేతిలో పెట్టేది ఈ ఆల్బమే కదే. నన్ను చూసి, పిల్లకీ వస్తాదని లేచిపోతే?”

“అంటురోగమేటి అది?”

“కాదని నువ్వెళ్లి ఎంతమందికి చెప్తావు?”

నూకరాజు గొంతు సవరించుకున్నాడు. “పిన్నీ, వద్దనుకుంటే తర్వాతైనా తీసెయ్యొచ్చు. ఇది నొక్కి పట్టుకుని బొమ్మ మీద ఇంకోసారి నొక్కితే చాలు.” హైమ చెప్పినవన్నీ ఏరడం పూర్తయ్యాక, పాస్‌పోర్ట్ ఫొటోకి ఎవరో వస్తే నూకరాజు లోపలి గదిలోకి వెళ్లాడు. అత్తింటి నుంచి ఫోను వచ్చి హైమ అరుగు మీదికి వెళ్లింది.

వరహాలమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. మచ్చల వేలొకటి నా మీద ఆనింది. కాస్త బిగుసుకుపోదామనుకున్నాను. కానీ కీ పుట్టుక పుట్టాక నొక్కితే దిగాల్సిందే. పసుపు దంచే ఫొటో, మంగళస్నానం ఫొటో, తలంబ్రాల ఫొటో. ప్రతిదాన్నీ కాసేపు చూసుకుని మరీ నొక్కింది. ఒక్కొక్కటే నీలం పోయి వెలవెలబోయింది. ఒక తల్లి తనను తాను చెరిపేసుకుంటుంటే కింద ఆసరాగా ఉన్నది నేను.

చివరికి అప్పగింతల ఫొటో వచ్చింది. కూతురి చెంపల్ని రెండు చేతులా పట్టుకుని ఉంది. మచ్చలు దాచుకోవడం ఆ క్షణంలో మరిచిపోయినట్టుంది. ఆవిడ దాన్ని దగ్గరగా చూడ్డానికి ముందుకు వంగేసరికి, నొక్కిన మౌస్ పక్కకి జారింది. నన్ను పట్టుకుని అలా లాగితే ఏరినవన్నిటికీ నకళ్లు పుడతాయి. తెరంతా ఫొటోలు బిలబిలమంటూ నిండిపోయాయి.

“ఓలమ్మో! పెళ్లంతా పాడు చేసేశాను! హైమా, నీ ఫొటోలు పోనాయే!”

ఇద్దరూ పరుగున వచ్చారు. నూకరాజు చూసి నవ్వాడు. “ఏటీ పోలేదు పిన్నీ. రెండేసి అయ్యాయి, అంతే.”

హైమ నవ్వలేదు. తెర మీద తను ఏరించినవి జంటలు జంటలుగా ఉన్నాయి. “తలంబ్రాలది ఒక్కటే ఉందేటి? మంగళస్నానందీ ఒక్కటే...” అంటూ ఆగిపోయింది. ఏరించినవాటిలో జంట లేని ప్రతి ఫొటోలోనూ అమ్మ ఉంది. అప్పగింతలది మాత్రం తీయబోతూ రెండు చేసేసింది.

“జరుగు” అని హైమ తనే కూర్చుని నా మీద వేలు పెట్టింది. ఒక్కొక్కటీ మళ్లీ ఏరుతోంది. వరహాలమ్మ మెల్లగా అడిగింది.

“మీ అత్తారింట్లో కూడా చూస్తారు కదే ఇది. నీకు తలొంపులు కాదూ?”

హైమ వేలు నా మీద ఆగింది. పైకి లేవలేదు, కిందికీ దిగలేదు. ఎంతసేపో కాదు, ఊపిరి తీసి వదిలేంత. తర్వాత గట్టిగా నొక్కింది, నాకు నొప్పి పుట్టేలా. తలంబ్రాల ఫొటో నీలమైంది. తర్వాతిది కూడా. ఒక్కటీ వదల్లేదు. ఆల్బమ్ అలాగే అచ్చయింది.

ఇప్పుడు నా తల మీద అక్షరాలు అరిగిపోయాయి. నూకరాజు కొత్త కీబోర్డు కొని నన్ను అటక మీద అట్టపెట్టెలో పడేశాడు. ఆ ఆల్బమ్ తిరగేసినవాళ్లు ఎంత మంచి కూతురో అనుకుంటారు. నిజమే, మంచి పిల్లే. కానీ ఆ వేలు ఆగడం నాకు తెలుసు. తెలిసినందుకు ఇవాళ్టికీ తల ఎత్తలేను.

నాకొక్కదానికే తెలిసి ఉంటే బాగుండేది. ఆ క్షణంలో వరహాలమ్మ తెర వైపు చూడలేదు, కూతురి వేలి వైపే చూసింది. చూసి, తన రెండు చేతులూ కొంగు కిందికి తీసుకుంది.