కిలో అంటే కిలోయే

చిన్నకోడలి బావగారిని చుట్టపక్కాలంతా ప్రొఫెసర్ అంటారు. ఆయన ఎవరికీ చదువు చెప్పింది లేదు, తను చదివిందీ అంతంతమాత్రమే. కాలేజీ ఆఫీసులో పాతికేళ్ళు హాజరుపట్టీలు రాసి రిటైరయ్యాడు. అయితేనేం, జేబులో రెండు పెన్నులు, మెడలో వేలాడే కళ్ళజోడు, ఎవరు నోరు తెరిచినా "అది అలా కాదు" అనే మొదలు. జనానికి అంతకంటే ఏం కావాలి? చిన్నకోడలికి మాత్రం ఆయన గొంతు వింటేనే ఒళ్ళు మండేది. పదమూడేళ్ళుగా మర్యాద కొద్దీ నోరు కట్టేసుకుంది.

ఆవిడ ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో బాయిలర్ నడుపుతుంది. షిఫ్టు దిగేముందు ఎంత గ్యాసు మండిందో, ఎంత వేడి పుట్టిందో పుస్తకంలో రాయాలి. గ్యాసు వాళ్ళు వేడిని కిలోజౌళ్ళలో చెబుతారు, బాయిలర్ లెక్క కిలోక్యాలరీల్లో ఉంటుంది. జౌళ్ళని నాలుగు పాయింట్ రెండుతో భాగిస్తే క్యాలరీలు. ఆ భాగహారం ఆవిడ నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. ఇంట్లో ఆ సంగతి ఎవడిక్కావాలి? "మా తమ్ముడి భార్య బట్టలుతికే చోట పనిచేస్తుంది" అని బావగారు అందరికీ పరిచయం చేస్తాడు.

అత్తగారికి పక్షవాతం వచ్చి కుడివైపూ మాటా పడిపోయాయి. మింగలేదు కాబట్టి ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేశారు. పొడిని నీళ్ళలో కలిపి దాన్లో పోయాలి, రోజుకి పదిహేను వందల క్యాలరీలు అందాలి అన్నాడు డాక్టరు. మొదటి డబ్బా పొడి చెంచాకి నలభై అయిదు కిలోక్యాలరీలు, తిండి లెక్కలో క్యాలరీ అంటే అదే. రోజు మొత్తానికి ముప్ఫైమూడు చెంచాలు పడేవి. ఆ రకం దొరక్క ఇంకో కంపెనీ డబ్బా తెస్తే, దాని మీద చెంచాకి నూట తొంభై అని ఉంది.

"చూశారా, నాలుగింతల బలం. ఇక ఎనిమిది చెంచాలు చాలు" అన్నాడు ప్రొఫెసర్.

"ఇక్కడ కిలో పక్కన జే అని ఉందేంటన్నయ్యా?" అన్నాడు తమ్ముడు.

"కిలో అంటే కిలోయేరా. కిలో పంచదారైనా కిలో ఉప్పైనా కిలోయే కదా. పక్క అక్షరం కంపెనీ వాళ్ళిష్టం."

తమ్ముడు తలూపాడు. ఆ తలకి ఊపడం తప్ప ఇంకో పని తెలియదు. ఎర్ర సిరాతో గీతలు కొట్టిన చెంచాల లెక్క పట్టిక ఒకటి మంచం పక్క గోడ మీద వెలిసింది. లాండ్రీ చేతులకి క్రిములుంటాయని, గొట్టం జోలికి రావద్దని, పోయడం తనే చూసుకుంటానని మరదలికి తాఖీదు. ఆవిడా సరే అనుకుంది. ఆయన గీతల్ని చదవడమే తనకి చిన్నతనమని ఆ గోడవైపు కన్నెత్తి చూడలేదు.

మూడు వారాలు గడిచాయి. అత్తగారిని పక్కకి తిప్పుతుంటే చిన్నకోడలి చేతికి బరువే తెలియడం లేదు. ముసలావిడ ఎడంచేతి వేళ్ళు దగ్గరగా ముడిచి నోటి దగ్గర పెట్టుకునేది, మళ్ళీ మళ్ళీ.

"లెక్క ప్రకారం పొట్ట నిండుగా ఉంది. పక్షవాతం వాళ్ళకి ఇలాంటి చేష్టలు మామూలే" అన్నాడు ప్రొఫెసర్. చూడ్డానికొచ్చిన చుట్టాలు గుమ్మం దగ్గర గొంతు తగ్గించి, ఇక ఎన్నాళ్ళో అనుకుంటూ వెళ్ళేవాళ్ళు.

ఆ ఆదివారం పొద్దున ప్రొఫెసర్ పన్ను పీకించుకోవడానికి వెళ్ళాడు. పోసే వేళయింది. చిన్నకోడలు చేతులు కడుక్కుని డబ్బా తీసింది. అట్ట మీది అంకె చూసింది, పక్కనున్న అక్షరాలు చూసింది. ఎనిమిది చెంచాలంటే పదిహేను వందల ఇరవై కిలోజౌళ్ళు. నాలుగు పాయింట్ రెండుతో భాగిస్తే మూడు వందల అరవై క్యాలరీలు. రోజుకి కావలసిందాంట్లో నాలుగోవంతు కూడా అందలేదు. ముసలావిడ ఇరవైఒక్క రోజులుగా ఆకలని చేత్తో చెబుతూనే ఉంది.

డాక్టరుకి ఫోన్ చేసింది. ఆయన, ఇన్నాళ్ళ పస్తు తరవాత ఒక్కసారిగా పోస్తే ప్రమాదం, ఇవాళ పన్నెండు చెంచాలు, రేపు రక్తపరీక్ష చేయించాక నెమ్మదిగా పెంచుదాం అన్నాడు.

ఇంతలో ప్రొఫెసర్ బుగ్గలో దూది కుక్కుకుని వచ్చాడు. రావడంతోనే ఆవిడ పొడి కలుపుతున్న గిన్నెలోకి చూశాడు.

"ఎన్ని వేశావు? ఎవరు వేయమన్నారు? నాలుగింతల బలం ఉన్న పొడి అది."

"డాక్టరు పన్నెండు వేయమన్నారు. చెంచాకి పది గ్రాముల పొడి పడుతుంది బావగారూ. పది గ్రాముల డీజిల్ మండిస్తే నూటపది క్యాలరీలు కూడా రావు. మీ లెక్కన ఈ పొడికి నూట తొంభై. డీజిల్ కంటే ఘాటైంది మీ అమ్మకి పోస్తున్నారా?"

"బట్టలుతికే చోట నేర్పుతారా ఇవి?"

"నేర్పుతారు. అక్కడ లెక్క తప్పితే ఉద్యోగం ఊడుతుంది. ఇది కిలోజౌళ్ళ అంకె. మీరు ఆవిడ్ని మూడు వారాలు పస్తు పెట్టారు. నేను ఇదే గదిలో తిరుగుతూ, మీ రాత చదవడమేంటని పొగరుకి పోయి చూస్తూ ఊరుకున్నాను. నా బతుక్కీ సిగ్గులేదు."

గొంతు తగ్గించాల్సిందని అప్పుడు తట్టింది ఆవిడకి. అత్తగారికి పోయింది మాటే గానీ వినికిడి కాదు. ముసలావిడ కళ్ళు తెరిచి పెద్దకొడుకు వైపే చూస్తోంది.

"కంపెనీ వాడు సరిగ్గా రాసి చావొద్దూ" అని గొణుగుతూ ప్రొఫెసర్ గిన్నె లాక్కున్నాడు. "పన్నెండంటే పన్నెండే పోస్తాలే. అమ్మా, కొంచెం తల తిప్పు."

అత్తగారు తల తిప్పలేదు. ఎడంచెయ్యి ఎత్తి గొట్టం మూతి పిడికిట్లో బిగించి పట్టుకుంది. వేళ్ళు విడదీయబోతే గోళ్ళతో రక్కింది. ఆయన గిన్నె బల్లమీద పెట్టి వెనక్కి జరిగాకే పిడికిలి వదిలి, కోడలి వైపు చూసింది. చిన్నకోడలు ఆ రోజంతా కొంచెం కొంచెంగా పన్నెండు చెంచాలూ పోసింది.

నెల తిరిగేసరికి అత్తగారు దిండుకి ఆనుకుని కూర్చుంటోంది. పెద్దకొడుకు మంచం దగ్గరికొస్తే చాలు, ఇప్పటికీ గొట్టం మూసి పట్టుకుంటుంది. జబ్బు మెదడుకెక్కి అమ్మకి మనుషులు గుర్తు తెలియడం లేదని ఆయన వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు.