తొమ్మిదో తరగతిని మింగిన బోర్డు

నేను ఒక టైమ్‌టేబులు బోర్డుని. పల్నాడులో ఒక చిన్న టౌను, అక్కడ మఠకన్యలు నడిపే హైస్కూలు, ఆ స్కూలు స్టాఫ్ రూము గోడ: చాలా ఏళ్ళు అదే నా చిరునామా. స్కూలుకి ఏ పునీతురాలి పేరు పెట్టారో మాత్రం చెప్పను. ఆవిడ పరలోకంలో ప్రశాంతంగా ఉన్నారు. ఈ గొడవలోకి లాగడం మర్యాద కాదు.

నన్ను చేసింది జోజప్ప అనే వడ్రంగి. చర్చిలో పాపసంకీర్తన చెప్పుకునే చెక్కగది కట్టాక మిగిలిన టేకు పలకలతో చేశాడు. అంటే ఆ గదీ నేనూ ఒక్క చెట్టు పిల్లలం. అక్కడ జనం మోకాళ్ళ మీద వంగి, చేసిన తప్పులు చెప్పుకుంటారు. నా ముందు మాత్రం టీ గ్లాసు పట్టుకుని నిలబడి, చెయ్యబోయే తప్పులు నిర్ణయించుకుంటారు.

నా ఒంటి మీద అడ్డంగా పీరియడ్లు, నిలువుగా తరగతులు ఉంటాయి. అన్నిటికన్నా పైన ఆరు, అడుగున పది. గడికో మేకు. ఆ మేకులకి తగిలించడానికి రేకు బిళ్ళలు చేయించారు: తెలుగుకి పసుపు, లెక్కలకి ఎరుపు, డ్రాయింగుకి ఆకుపచ్చ, ఇలా. ఏ గడిలో ఏ బిళ్ళ వేలాడితే ఆ పూట ఆ పిల్లలకి అదే చదువు.

మొదట బిళ్ళలు తగిలించినవారు ఆ ఊరి చర్చి చూసుకునే విచారణ గురువులు లూర్దయ్య ఫాదర్. ఆయనకి చదువు గురించి ఒక లెక్క ఉండేది. ఆరులో పిల్లలు చూడాలి, ఏడులో కొలవాలి, ఎనిమిదిలో అడగాలి, తొమ్మిదిలో తప్పులు చెయ్యాలి, పదిలో పరీక్ష రాయాలి అనేవారు. అందుకే ఆరో తరగతి వరసలో తోటపనీ, పాటలూ, బొమ్మలూ ఎక్కువ. కిందికి దిగేకొద్దీ లెక్కలూ, సైన్సూ పెరిగేవి. ఆయనా తక్కువవారేం కాదు. జాగ్రఫీ తానే చెబుతానని పట్టుబట్టి, ఏటా రోము నగరం దగ్గరే ఆగిపోయేవారు. ఆ బడిలో చదివిన పెద్దవాళ్ళకి ఇప్పటికీ రోము వీధులు తెలుసు, కృష్ణానది ఎటు పారుతుందో తెలియదు. అయినా తొమ్మిదో తరగతి పిల్లలు తొమ్మిదో తరగతే చదివేవారు. అదొక వింతగా చెప్పుకోవలసిన రోజు వస్తుందని అప్పట్లో నేను అనుకోలేదు.

ఫాదర్ తర్వాత బడి మఠకన్యల చేతికి వచ్చింది. చాలాకాలానికి సిస్టర్ రోజ్లిన్ హెడ్‌మిస్ట్రెస్ అయ్యారు. ఆవిడ చెడ్డ మనిషని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అందరికన్నా ముందు లేచేవారు, జ్వరం వచ్చిన హాస్టలు పిల్లలకి స్వయంగా జావ పట్టేవారు. కాకపోతే ఆవిడకి దేవుడి తర్వాత భయం ఎదురింటి స్కూలంటేనే.

ఆ స్కూలు రేకుల షెడ్డులో మొదలైంది. ఆట స్థలం లేదు, చెట్టు లేదు, కిటికీలు కూడా అంతంత మాత్రం. ఉన్నదల్లా గేటు కన్నా పెద్ద ఫ్లెక్సీ. దాని మీద ర్యాంకులు తెచ్చిన పిల్లల ముఖాలు, కింద ఒక వాక్యం: ‘మా దగ్గర తొమ్మిదిలోనే పది.’ ఆ వాక్యం చదివి తల్లిదండ్రులు మా సిస్టర్ దగ్గరకి వచ్చి, మీ తొమ్మిదిలో ఏం చెప్తారండీ అని అడగడం మొదలుపెట్టారు. తొమ్మిదే చెప్తాం అంటే జాలిగా చూసి వెళ్ళిపోయేవారు. ఆరో తరగతిలో చేరే పిల్లలు తగ్గిపోయారు. ఇలాగే ఉంటే బడి మూసి దాన్ని కూడా హాస్టలు చేస్తామని మఠం పెద్దల నుంచి కబురు వచ్చింది.

సిస్టర్ ఒక మధ్యాహ్నం నా ముందుకి కుర్చీ లాక్కుని, ఎక్కి, తొమ్మిదో తరగతి వరసలోని బిళ్ళలన్నీ తీసేశారు. వాటి చోట పదో తరగతి బిళ్ళలు తగిలించారు. తొమ్మిదో తరగతి పాఠాలు ఏమైనట్టని తెలుగు మాస్టారు మెల్లగా అడిగితే, వేసవి సెలవుల్లో చూసేస్తారని చెప్పారు. చదవడం, రాయడం విన్నాను గాని, పాఠాలు ‘చూసేయడం’ వినడం అదే మొదలు.

ఎదురింటివాళ్ళు ఊరుకుంటారా? ‘ఎనిమిదిలోనే పది’ అన్నారు. మా ఎనిమిదో వరస కూడా మారింది. జాగా కోసం ముందు డ్రాయింగు పోయింది, తర్వాత ఆటలు, ఆ తర్వాత లైబ్రరీ. పదో తరగతిలో కొత్తగా చెప్పడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పరీక్షలే.

మొదటి పీరియడు మాత్రం చెక్కు చెదరలేదు. ఆ వేళ కతోలిక పిల్లలకి జ్ఞానోపదేశం, మిగతావాళ్ళకి నీతి పాఠం. పీఠాధిపతులు, అంటే బిషప్పుగారు, వస్తే ముందు చూసేది ఆ బిళ్ళనే. కనుక బిళ్ళని ఉంచి, ఆ గంటలో స్లిప్ టెస్టులు పెట్టారు. ఒకసారి తనిఖీ అధికారి వస్తున్నాడని తెలిసింది. జరగని డ్రాయింగు క్లాసుల తాలూకు బొమ్మలన్నీ నీతి పీరియడులోనే హడావిడిగా వేయించారు. ఆ వారం నీతి పాఠం సత్యం పలకడం గురించి.

ఆ రోజుల్లో తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పేది శౌరమ్మ టీచరు. లావుపాటి మనిషి, కోపం ఎక్కువ, మీటింగుల్లో కూర్చునే నిద్రపోయేది. ఆవిడది ప్రభుత్వం జీతమిచ్చే పోస్టు కాదు. సిస్టర్ వద్దంటే మర్నాడు ఇంట్లోనే. భర్త ఫొటో స్టూడియో సెల్‌ఫోన్ల దెబ్బకి మూతపడింది. కూతురు జసింత ఇదే బడిలో తొమ్మిదో తరగతి.

ఒక రోజు టీ వేళ ఆవిడ పక్క కుర్చీలోని సోషల్ టీచరుతో చెప్పిన మాట నాకు బాగా గుర్తు.

“సైన్ ముప్పై ఎంతే అంటే మా పిల్ల నిద్రలో కూడా చెప్పుద్ది. నిన్న ముప్పై డిగ్రీల కోణం గియ్యవే అన్నా. కోణమానిని తలకిందులుగా పట్టుకుంది.”

సోషల్ టీచరు నవ్వింది. శౌరమ్మ నవ్వలేదు. టీ కూడా తాగలేదు.

ఆ తర్వాత వారంలో ఆవిడ సిస్టర్ని కలిసి, తొమ్మిదో తరగతికి తొమ్మిదో తరగతి పాఠాలే చెప్పనివ్వమని అడిగింది. ఎదురింటి ఫ్లెక్సీ చూపించి సిస్టర్ పంపేశారు. శౌరమ్మ వాదించలేదు. క్లాసుకి వెళ్ళి, తలుపు దగ్గరకి వేసి, పిల్లల చేత కోణమానినులు తీయించింది. నా మీద పదో తరగతి బిళ్ళ వేలాడుతూనే ఉంది, లోపల తొమ్మిదో తరగతి నడుస్తూనే ఉంది. ఎన్నో బళ్ళలో దొంగతనంగా సెలవు తీసుకునే టీచర్లుంటారు. దొంగతనంగా పాఠం చెప్పిన టీచర్ని మాత్రం అక్కడే చూశాను.

సంక్రాంతి దాటాక సిస్టర్ ఆ వరండాలో వెళ్తూ, పిల్లలు కోణాలు కొలుస్తూ పోట్లాడుకోవడం విన్నారు. శౌరమ్మని స్టాఫ్ రూముకి పిలిపించారు. అందరి ముందూ, నా పక్కనే నిలబడి అడిగారు.

“బోర్డు మీద ఒకటుంది. మీరు చెప్పేది ఇంకోటి. ఏంటి టీచర్ ఇది?”

“పిల్లలు తొమ్మిదిలో ఉన్నారు సిస్టర్.”

అంతే అంది శౌరమ్మ. క్షమాపణ అడుగుతుందేమోనని అందరూ ఆగారు. ఆవిడ దిద్దాల్సిన పుస్తకాలు చంకన పెట్టుకుంది. సిస్టర్ ఉద్యోగం తీసేయలేదు. అది ఆవిడ మంచితనం. వచ్చే ఏడాది నుంచి ఆరో తరగతి చూసుకోమన్నారు.

మా స్టాఫ్ రూములో అది చిన్న శిక్ష కాదు. పది చెప్పేవాళ్ళు ఫ్యాను కింద కూర్చుంటారు. ఆరు చెప్పేవాళ్ళకి తలుపు పక్కన కుర్చీ, వానొస్తే జల్లు కూడా. శౌరమ్మ ఫ్లాస్కు తీసుకుని తలుపు పక్కకి మారింది.

జూన్‌లో ఆరో తరగతి వరసలో బంగారు రంగు బిళ్ళలు వెలిశాయి. వాటి మీద ‘ఫౌండేషన్’ అని రాసి ఉంది. పదో తరగతి లెక్కలు పదకొండేళ్ళ పిల్లలకి నేర్పడాన్ని అలా అంటారట. ఆ బిళ్ళలు తగిలించే పని శౌరమ్మకే అప్పజెప్పారు. ఆవిడ శ్రద్ధగా తగిలించి, వెళ్ళి ఆరో తరగతి లెక్కలు చెప్పుకుంది. భిన్నాలు చెప్పడానికి జామకాయలు కోయించింది. దారంతో వరండా కొలిపించింది. ఎవరూ అడగలేదు. ఆరో తరగతికి ర్యాంకులుండవు కనుక అక్కడికి ఎవరూ తొంగిచూడరు.

ఆ పిల్లలు పదికి వచ్చిన ఏడాది పరీక్ష పేపరు తీరు మారింది. బట్టీ పట్టినవి అడగలేదు, ఆలోచించి రాయమన్నారు. ఎదురింటి ఫ్లెక్సీ ఆ ఏడు చిన్నదైపోయింది. మా పిల్లలు మాత్రం లెక్కల్లో బాగా నెగ్గారు. సిస్టర్ సంతోషంతో చర్చికి వెళ్ళి దీపం పెట్టి వచ్చి, ఫ్లెక్సీ కొట్టించారు: ‘ఆరు నుంచే ఫౌండేషన్. అదే మా విజయ రహస్యం.’

స్టాఫ్ మీటింగు పెట్టి, శౌరమ్మకి శాలువా కప్పి, ఫౌండేషన్ ఎలా చెప్పారో తోటి టీచర్లకి వివరించమన్నారు. ఆవిడ లేచింది. శాలువా సర్దుకుంది.

“నేను ఫౌండేషన్ చెప్పలేదు సిస్టర్. ఆరులో ఆరు చెప్పాను.”

సిస్టర్ నవ్వి, మా శౌరమ్మ టీచరుకి వినయం ఎక్కువ అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

మీటింగు అయ్యాక మాత్రం సిస్టర్ వెళ్ళలేదు. శౌరమ్మని ఆగమన్నారు. ఇద్దరూ నా ఎదుట నిలబడ్డారు.

“నిజంగా ఆరే చెప్పారా?” గొంతు తగ్గించి అడిగారు సిస్టర్.

“ఆరే.”

సిస్టర్ బంగారు బిళ్ళల వైపు చాలాసేపు చూశారు. ఆ క్షణంలో వాటిని తీసేస్తారని ఆశపడ్డాను. ఆవిడ చెయ్యి పైకి కూడా లేచింది. కాని వంకరగా ఉన్న ఒక బిళ్ళని సరిచేసి, ఆ చెయ్యి కిందికి దిగింది.

“ఆ మాట బయట అనకండి టీచర్. అడ్మిషన్లు నడుస్తున్నాయి.”

మంచి పనికి బహుమానం ఉండాలి కదా. శౌరమ్మని పదో తరగతికి పెంచారు. ఆరులోనే ఉంచమని ఆవిడ బతిమాలింది. జీతం పెరుగుతుందన్నారు. జసింత అప్పటికి నర్సింగు కాలేజీలో చేరింది. శౌరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని, సరేనంది. ఫ్యాను కిందికి మారింది. రోజంతా పరీక్షలు పెడుతూ, దిద్దుతూ, ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు. ఆరో తరగతికి ఒక కొత్త కుర్రమాస్టారు వచ్చాడు. బోర్డు మీద ఏముంటే అదే చెప్పే బుద్ధిమంతుడు.

ఆ ఏడే టైమ్‌టేబులు కంప్యూటరులోకి వెళ్ళింది. నన్ను దించి, మేకులూ బిళ్ళలతో సహా సైకిళ్ళ షెడ్డులో విరిగిన బెంచీల వెనక నిలబెట్టారు. నాకు బాధ లేదు. చెద పురుగులు ఏ తరగతికి ఆ తరగతి చొప్పున, పై నుంచి వరసగా తింటున్నాయి. వాటికి తొందర లేదు.

షెడ్డు గోడకి అవతల ఆరో తరగతి గది. పొద్దున్నే పిల్లలు వర్గ సమీకరణం సూత్రం కోరస్‌గా చదువుతారు. మైనస్ బి, ప్లస్ ఆర్ మైనస్, అంటూ ప్రార్థన చదివినట్టే రాగం తీస్తారు. నిన్న కోరస్ మధ్యలో ఒక ఆడపిల్ల గొంతు ఆగింది.

“సార్, బి అంటే ఏంటి సార్?”

“అది పదిలో చెప్తారమ్మా,” అన్నాడు మాస్టారు. “నువ్వు చదువు.”