మల్లి దొరువు

లక్ష్మీనరసయ్య తన ఇంట్లో తానే ‘ఎవరైనా’ అయిపోయి పదకొండు నెలలైంది. భార్య రాఘవమ్మ అన్నం వండి, పొయ్యి వైపు తిరిగి, ఎవరైనా తినేదుంటే గిన్నెలో ఉంది అంటుంది. ఎవరైనా కరెంటాఫీసుకి పోయొస్తే బాగుండు అని గేదెతో చెబుతుంది. ఆ ఇంట్లో మనుషులు ఇద్దరే కాబట్టి ఆ ఎవరైనా ఎవరో కనుక్కోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. కొట్లాట లేదు, ఏడుపు లేదు, ఒక్కపూట వంట మానలేదు. మొగుడి మొహం చూసి మాట్లాడటం మాత్రం మానేసింది.

దీనికంతటికీ మూడో బోరు కారణమని ఊళ్ళో అనుకుంటారు. కొమరోలు మండలంలో వాళ్ళకి రెండెకరాల బత్తాయి తోట ఉండేది. మొక్కలుగా ఉన్నప్పుడు రాఘవమ్మే బిందెలతో నీళ్ళు మోసి బతికించింది. రెండు బోర్లు ఎండిపోయాక మూడోది వేయించారు. కొబ్బరికాయ కొట్టి మిషన్ మొదలుపెడితే నాలుగు వందల పది అడుగుల దగ్గర నీళ్ళు ఎగజిమ్మాయి. రెండించీల ధార ఉంటుందని మిషన్ వాళ్ళే అన్నారు. రాఘవమ్మ మొహం మీద పడ్డ నీళ్ళు కొంగుతో తుడుచుకుంటూ, చాలు, ఇంక ఆపించమంది. అతను వినలేదు. పక్క చేలో ఆరు వందల అడుగులకి మూడించీలు పడ్డాయి మరి. ఇంత పైనే రెండుంటే కింద ఎన్ని ఉంటాయోనని ఆశ. ఐదు వందల ముప్పై దగ్గర రాడ్డు ఒక్కసారిగా ఏదో సందులోకి దిగబడింది. పడిన నీళ్ళు కూడా ఆ సందులోకే జారిపోయాయి. ఆ తర్వాత పైకి వచ్చిందంతా దుమ్మే.

ఆ ఎండాకాలానికి తోట పోయింది. అంతవరకే అయితే రాఘవమ్మ నాలుగు రోజులు ఏడ్చి ఊరుకునేది. కానీ బోరు పోయిన మర్నాడు పొద్దున్నే లక్ష్మీనరసయ్య రాజ్ కుమార్ టీ దుకాణంలో కూర్చుని, పదిమందీ వింటుండగా ఒక మాట అన్నాడు. మిషన్ నడుస్తుండగా దాని దగ్గర ఎవరూ చాలు అనకూడదని ఆ ఊళ్ళో ఒక పట్టింపు ఉంది. అది గుర్తొచ్చి, మా ఆమె చాలనింది, గంగమ్మ పోయింది, ఆమె నోరు మంచిది కాదు అనేశాడు. నిజం చెప్పాలంటే తన సిగ్గు దాచుకోవడానికి అన్న మాట అది. సాయంత్రానికల్లా నాలుగు వీధులూ తిరిగి రాఘవమ్మ చెవిన పడింది.

ఆమె ఏమీ అడగలేదు. ఊరు మాత్రం ఊరుకోలేదు. అప్పటినుంచి ఎవరు బోరు వేసినా పూజకి ఇల్లిల్లూ పిలిచి రాఘవమ్మ గడప మాత్రం వదిలేసి పోతున్నారు. ఒకసారి ఆమె తెలియక, బోరు వేస్తున్న ఒక చేని గట్టు మీద నడిచిపోతుంటే, అత్తా, కాసేపు అవతలి దారిన పోరాదా అన్నారట. ఆ రోజు ఇంటికొచ్చి ఆమె చాలాసేపు గేదె పక్కన నిలబడింది. లక్ష్మీనరసయ్య చూశాడు. తప్పు తనదని తెలుసు. తెలిసినా, నోటిదాకా వచ్చిన మాట మీసాల దగ్గర ఆగిపోయేది.

వాళ్ళ కూతురు సుజాత మార్కాపురంలో నర్సు. రోజూ ఫోన్ చేస్తే అమ్మ, మీ నాయనకి చెప్పు అంటుంది. నాయన, మీ అమ్మకి చెప్పు అంటాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే మంచం పక్కన ఉండి ఈ మాటలు. తపాలా మోసి మోసి విసిగిన సుజాత, ఫిబ్రవరిలో ఒక రెండో శనివారానికి ఇద్దరికీ కలిపి రెండు సీట్లు బుక్ చేసింది. మార్కాపురం నుంచి సముద్రం ఒడ్డు ఇసుక దిబ్బలకి ఒక్కరోజు టూరు. పొద్దున ఐదింటికి బస్సు, రాత్రికి ఇల్లు. నడిపేది ఆనంద్ బాబు అని, ఒకప్పుడు కాలేజీలో పాఠాలు చెప్పినాయన. ఆదివారం చర్చి ఉంటుంది కాబట్టి ఆయన టూర్లన్నీ శనివారాలే.

లక్ష్మీనరసయ్య బస్సెక్కేటప్పుడు మనసులో ఒకటే కోరుకున్నాడు. రాత్రి బస్సు దిగేలోపు రాఘవమ్మ తన మొహం చూసి ఒక్క మాట అనాలి. తిట్టినా సరే.

పొదిలి దాకా అనలేదు. ఇడ్లీల దగ్గర ప్లేటు అందించింది కానీ అటువైపు చూస్తూ అందించింది. ఒంగోలు దాటాక ఆనంద్ బాబు మైకు పట్టుకుని లేచి నిలబడ్డాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, మాట మాత్రం నిండుగా ఉంటుంది. గాలి ఏళ్ళ తరబడి ఇసుకని మోసుకొచ్చి దిబ్బలు ఎట్లా కడుతుందో చెప్పాడు. తుఫాను వస్తే ఊరికి అడ్డం నిలబడేవి అవేనని చెప్పాడు. వాన నీళ్ళని ఇసుక తాగి పొట్టలో దాచుకుంటుందని, సముద్రం అంత దగ్గర్లో ఉన్నా మోకాటి లోతులో తియ్యటి నీళ్ళు దొరుకుతాయని చెప్పేసరికి బస్సంతా నవ్వింది. నవ్వక ఏం చేస్తారు, అందరూ గిద్దలూరు, కంభం, మార్కాపురం వైపు వాళ్ళు. వెయ్యి అడుగులు తవ్వి వేడిగాలి చూసినవాళ్ళు.

లక్ష్మీనరసయ్య నవ్వలేదు. అబద్ధమనుకున్నాడు.

బస్సు సరుగుడు తోటల పక్కన ఆగింది. అక్కడినుంచి ఇసుకలో నడక. రెండు దిబ్బల మధ్య పల్లంలో మల్లి అనే ఆమె కూరగాయల మడి ఉంది. అరవై దాటిన మనిషి, చేతులు తాటి మట్టల్లా గట్టిగా ఉన్నాయి. మడి మధ్యలో మంచం అంత వెడల్పున ఇసుకలో ఒక గుంట. అందులో నడుం లోతు కూడా లేని నీళ్ళు, కింద ఇసుక కనపడేంత తేటగా. దీన్ని దొరువు అంటారని, మల్లి కుండలతో ముంచి మడికి పోసుకుంటుందని ఆనంద్ బాబు చెప్పాడు. అందరూ దోసిళ్ళతో తాగి ఆశ్చర్యపోయారు. లక్ష్మీనరసయ్య మూడుసార్లు తాగాడు. ఇంత తియ్యటి నీళ్ళు తమ వైపు డబ్బాల్లో కొనుక్కుంటే తప్ప దొరకవు.

తర్వాత పెద్ద దిబ్బ ఎక్కి సముద్రం చూడటం. రాఘవమ్మ మోకాళ్ళ నొప్పులని ఆనంద్ బాబుతో చెప్పి సరుగుడు నీడన కూర్చుంది. లక్ష్మీనరసయ్య తనకీ కాళ్ళు లాగుతున్నాయని అబద్ధమాడి ఆగిపోయాడు. మిగతావాళ్ళు దిబ్బ వైపు, మల్లి వంట పని మీద గుడిసె వైపు వెళ్ళిపోయారు. మొగుడూ పెళ్ళాలిద్దరే మిగిలారు. మాట్లాడదామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. పోనీ ఏదైనా పని చేద్దామనిపించింది. పక్కనే మల్లి పార కనపడింది.

అతని ఆలోచన మంచిదే. మోకాటి లోతులోనే ఇన్ని నీళ్ళుంటే, ఇంకో రెండు మూరలు తవ్వితే ఎన్ని ఊరతాయి? పాపం ఆడమనిషి, తవ్వుకోలేకపోయింది. సాయం చేసి పోదాం. పంచె ఎగగట్టి దొరువులోకి దిగాడు. నీళ్ళ కింది ఇసుక తోడి గట్టు మీదికి పోశాడు. ఎన్నాళ్ళయిందో నీళ్ళలో నిలబడి పార పట్టి! ఒళ్ళు తేలికపడింది, పాతికేళ్ళవాడిలా తవ్వాడు. గంటసేపు ఆగకుండా తవ్వాడు.

మధ్యలో రెండుసార్లు రాఘవమ్మ వైపు చూశాడు. ఆమె చూస్తూనే ఉంది. ఆమె ఆపమంటే ఈసారి ఆపేసేవాడే. ఆ సంగతి అతనికి బాగా తెలుసు, ఆమె అనాలని కూడా కోరుకున్నాడు. రెండోసారి చూసినప్పుడు ఆమె పెదవులు కదిలినట్టే అనిపించింది. కానీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల తిప్పుకుంది. అతను ఇంకా లోతుకి పోయాడు.

మల్లి బిందె పట్టుకుని వచ్చేసరికి దొరువులో నీళ్ళు అతని రొమ్ము దాకా ఉన్నాయి. అతను గర్వంగా నవ్వాడు. ఆమె నవ్వలేదు. వంగి ఒక్క చుక్క నాలిక మీద వేసుకుని ఉమ్మేసింది.

“ఏం చేశావయ్యా! ఉప్పుదేరి పోయింది గదా. ఇక్కడ తియ్యనీళ్ళు పైన మీగడలాగా ఉంటాయి. దాని కిందంతా సముద్రమే.”

లక్ష్మీనరసయ్య నమ్మలేక తానూ దోసిట్లో తీసుకున్నాడు. నోట్లో పెట్టుకోలేనంత ఉప్పు. గంట కిందట ఇవే నీళ్ళు మూడుసార్లు తాగాడు. తల కొట్టేసినట్టయింది. దిబ్బ నుంచి దిగి దాహంతో వచ్చిన బస్సు జనం కూడా గట్టు మీద చేరారు. విషయం తెలిసి అందరూ అతన్నే చూశారు. మల్లికి జాలేసినట్టుంది. తీసిన ఇసుకంతా మళ్ళీ పోసెయ్యమని, వారం ఆగితే తియ్యనీళ్ళు తిరిగి చేరతాయని, అందాకా పక్క మడి వాళ్ళ దొరువుతో సర్దుకుంటానని చెప్పింది.

అతను బయటికొచ్చి ఇసుక లోపలికి లాగుతూ, తలెత్తకుండానే భార్యని అడిగాడు. “చూస్తానే ఉంటివి గదా. ఒక్క మాట చెప్పకూడదా?”

రాఘవమ్మ లేచి నిలబడింది. జవాబు అతనికి చెప్పలేదు, మల్లికి చెప్పింది.

“పోయినేడు మా బోరు కాడ చాలనినాను తల్లీ. నీళ్ళు పోతే, నా నోరు మంచిది కాదని ఊరంతా చెప్పినాడు. నన్ను చూస్తే ఇప్పుడు ఆడోళ్ళు పక్కకి తప్పుకుంటా ఉండారు. ఈ పొద్దు నేను నోరు తెరవనే లేదు. మరి ఈ నీళ్ళు ఎందుకు పోయినాయో అడుగు.”

లక్ష్మీనరసయ్య పార వదిలేశాడు. ఈసారి మాట మీసాల దగ్గర ఆగలేదు. ఆగడానికి అక్కడ ఇంక పరువు ఏం మిగిలిందని?

“నా చేతుల వల్లనే పోయినాయి” అన్నాడు. “అప్పుడూ నా ఆశ వల్లనే. ఆమె నోటిది ఏం తప్పు లేదు. నేను అబద్ధం చెప్పినా.”

బస్సు జనానికి సగమే అర్థమైంది. ఆనంద్ బాబుకి అంతా అర్థమైనట్టుంది, నేల చూస్తూ నిలబడ్డాడు. లక్ష్మీనరసయ్య గుండె మీద నుంచి పెద్ద బండ దొర్లినట్టయింది. ఇప్పుడైనా ఆమె తన వైపు చూస్తుందనుకున్నాడు. ఆమె మళ్ళీ మల్లి వైపే తిరిగింది.

“ఈడ చెప్తే ఏం లాభం తల్లీ? మీరెవరో, నేనెవరో. ఆ మాట ఎక్కడ అనినాడో ఆడ చెప్పమను.”

లక్ష్మీనరసయ్య తడి చేతులు పంచెకి తుడుచుకుని, గట్టు మీద పెట్టిన చొక్కా జేబులోంచి ఫోన్ తీశాడు. పల్లంలో సిగ్నల్ లేదు. దిబ్బ మీదికి పోతే వస్తుందని ఆనంద్ బాబు మెల్లగా చెప్పాడు. అతను ఎక్కసాగాడు. రెండడుగులు వేస్తే ఒకడుగు ఇసుక కిందికి లాగుతోంది. సగం ఎక్కాక వెనక ఆయాసం వినపడి తిరిగి చూస్తే, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రాఘవమ్మ. చెయ్యి అందించాడు. ఆమె అందుకోలేదు, కానీ ఆగలేదు. అతను చెప్పే మాట తన చెవులతో వినాలని ఎక్కుతోంది.

పైకి చేరగానే ఎదురుగా సముద్రం, కళ్ళు పట్టనంత. పుట్టి బుద్ధెరిగాక ఇద్దరూ మొదటిసారి చూసే సముద్రం. ఇద్దరూ దానికి వీపు పెట్టి నిలబడ్డారు. ఫోన్‌లో రెండు గీతలు సిగ్నల్ ఉంది. టీ దుకాణం రాజ్ కుమార్ ఎత్తాడు. లక్ష్మీనరసయ్య స్పీకర్ నొక్కి, దుకాణం కాడ ఎవరెవరున్నారని అడిగాడు. ఎనిమిది మంది ఉన్నారు మామా, పేకాట నడుస్తా ఉంది అన్నాడు రాజ్ కుమార్.

“అందరికీ వినపడేట్టు పెట్టు నాయనా” అని, గాలికి ఎదురు అరిచినట్టు అరిచాడు. “మా బోరులో నీళ్ళు పోయింది నా దురాశకి. మా రాఘవమ్మ చాలన్నకాడ ఆపి ఉంటే ఈ పొద్దు తోట ఉండేది. ఆమె నోరు మంచిది కాదని నేను అనినానే, అది అబద్ధం. ఇంకెవరన్నా ఆ మాట అంటే నా మీద ఒట్టే.”

అవతల ఎవరో, మామ ఎండదెబ్బ తగిలి మాట్లాడతా ఉండాడని నవ్వారు. లేదురా, నిజమే చెప్తా ఉండాడు అన్నారు ఇంకెవరో, పెద్దమనిషి గొంతు. ఫోన్ కట్టయింది. లక్ష్మీనరసయ్యకి కళ్ళు తడిశాయి. దాచుకోవాలనిపించలేదు.

రాఘవమ్మ అతని మొహంలోకి చూసింది. పదకొండు నెలల తర్వాత, సూటిగా. ఆమె కళ్ళు కూడా నిండే ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగా ఉంది.

“గాలికి వాళ్ళకి సరిగ్గా వినపడిందో లేదో” అంది. “నువ్వు ఇంకొక తూరి చెప్పు.”

లక్ష్మీనరసయ్య మళ్ళీ ఫోన్ కలిపాడు.