సగం ట్యాంకు గీత

ఊళ్ళో మగాళ్ళంతా యుద్ధానికి పోతుంటే ఆయన మాత్రం నీడపట్టున కూర్చుని గీతలు గీసుకుంటున్నాడని పక్కింటావిడ పాలవాడితో అందట. పాలవాడు ఆ ముక్కను పాలతోపాటే మోసుకొచ్చాడు. భార్య దాన్ని ఆయన బూట్లు తొడుక్కునే వేళ చెవిన వేసింది. ఆయన కాదనలేదు. విమానాల పరీక్షా కేంద్రంలో ఇరవై ఆరేళ్ళుగా గీతలే గీస్తున్నాడు. కుడిచేతి నడిమివేలి మీద కాయ కాసి, సిరా ఇంకి, అది నల్లటి పుట్టుమచ్చలా ఉంటుంది.

కార్యాలయం కిటికీ అవతల రెండు విమానాలు పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. ఒకటి మనది, రెండోది శత్రువు దగ్గర పట్టుకున్నది. వారం రోజులుగా రెండింటినీ జంటగా ఎగరేసి, ఎంతసేపట్లో ఎంత ఎత్తుకు ఎక్కాయో రాసి ఆయన బల్ల మీద పడేస్తున్నారు. శత్రువుది ఎర్ర గీత, మనది నీలం. ఇరవై వేల అడుగులకు ఎర్రది నిమిషం ముందే చేరుతోంది. కిందికి దూకేటప్పుడు మాత్రం మనదాన్ని అది అందుకోలేకపోతోంది.

పెద్దాఫీసరు కాగితం చూసి మొహం చిట్లించాడు. మన విమానాన్ని సగం ట్యాంకు పెట్రోలుతో, తుపాకులు విప్పేసి, బరువు తగ్గించి ఎగరేసిన రోజు లెక్కలు వేయమన్నాడు.

“ధైర్యం చెప్పాల్సిన కాగితం దిగులు చెబుతుందేంటయ్యా?”

అయితే సగం ట్యాంకని అడుగున రాద్దామన్నాడు ఈయన, నసుగుతూ. చోటు లేదన్నాడు ఆఫీసరు. అడుగున నాలుగు వేళ్ళ చోటుంది.

పై అధికారికి ఎన్నడూ ఎదురు చెప్పి ఎరగనివాడు, కొత్త కాగితం పరిచాడు. నీలం గీత ఎర్రదాన్ని దాటి పైకి పోయింది. శత్రువు వెంటపడితే పైకెక్కి తప్పించుకోవచ్చని దాని కింద పెద్దక్షరాలతో రాయించారు. మూలన ఈయన సంతకం పెట్టాడు. మధ్యాహ్నానికి ఆరువందల ప్రతులు అచ్చయి, అన్ని విమాన స్థావరాలకూ లారీలెక్కాయి.

ఆ సాయంత్రం యుద్ధానికి ఎగిరి వెళ్ళే పన్నెండుమంది పైలట్లలో ఆయన అల్లుడూ ఉన్నాడు. చెప్పి వెళ్ళడానికి ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని, జేబులోంచి కాగితం తీశాడు.

“మీ చేతి గీతే కదా మామయ్యా? చూడగానే పోల్చుకున్నా. వెంటపడితే పైకి లాగేస్తే చాలట.”

ఆయన చేతిలో ముద్దను కంచంలో పెట్టేశాడు.

“ఎక్కకు బాబూ. ముక్కు వంచి కిందికి దూకెయ్. పైకెక్కితే దొరికిపోతావు.”

“మరి ఇందులో…”

“అది అబద్ధం. నేనే గీశాను.”

అల్లుడు ఆయన్ని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. తన దళంలో వాళ్ళకు చెబుతానని మాత్రం అన్నాడు. బయట జీపు హారన్ మోగింది. వడ్డిస్తున్న ఆయన కూతురి తల నిమిరి, చేతులు కడుక్కోకుండానే వెళ్ళిపోయాడు. కాగితం కంచం పక్కనే ఉండిపోయింది.

భార్య పమిటతో కళ్ళొత్తుకుంది. మనవాడికైనా నిజం చెప్పారు, అంతే చాలంది.

కూతురు ఆ కాగితం మీదినుంచి చూపు తిప్పలేదు.

“మిగతా స్థావరాల్లోవాళ్ళకి మామలు లేరుగా అమ్మా.”